బాడుగ కారులో గృహస్థధర్మము

మర్యాద అనునది ధర్మమా, లేక వర్తకమా? అంగడిలో కూర్చుండి బ్రతుకు మనకు ఈ ప్రశ్న క్రొత్తది కాదు. కొనవచ్చినవానిని "రండి, కూర్చోండి" అని పిలిచి మంచినీళ్ళిచ్చునప్పుడు, ఆ మాట అతని మీది ఆదరముచే వచ్చినదా, అతని జేబు మీది చూపుచే వచ్చినదా అని ముప్పది యేండ్లుగా నన్ను నేనే అడుగుకొనుచున్నాను. జవాబు నాకు అంగడిలో దొరకలేదు. బెంగుళూరులో ఒక బాడుగ కారు వెనుక సీటులో కొంతవరకు దొరకినది. దానితోబాటు ఒక సిగ్గు కూడ దొరకినది. ఈ సంచికకు ఏదైన వ్రాయుమని సమాజమువారు అడిగిరి. శాస్త్ర విషయములు వ్రాయుటకు నేను పండితుడను కాను. హైస్కూలు చదువుతో త్రాసు పట్టినవాడను. కావున జరిగిన సంగతినే వ్రాయుచున్నాను.

మా మండికల్ చిక్కబళ్ళాపురం తాలూకాలో ఒక హోబళి గ్రామము. ఉన్నది కన్నడ రాష్ట్రములో. ఇంటను, అంగడిలోను ఎక్కువగా వినబడునది తెలుగు. బట్టల సరుకునకు మేము మొదటినుండియు బెంగుళూరు చిక్కపేటకే పోవుచున్నాము. నేను ఆరేడేండ్ల పిల్లవాడనై యున్నప్పుడు మా నాయనగారు నన్ను వెంటబెట్టుకొని పోయెడివారు. అప్పటికి జట్కాలు ఇంకను కొన్ని ఉండెడివి. దారి ఎత్తుగా ఉన్నచోట మా నాయనగారు బండి దిగి ప్రక్కన నడచెడివారు. ఒకనాడు నేను, "డబ్బిచ్చి ఎక్కినాము గదా నాయనా, ఎందుకు దిగేది?" అని అడిగితిని. "డబ్బు ఇచ్చింది బండివానికి రా, గుర్రానికి కాదు" అనిరి. ఆ మాట అప్పుడు నాకు నవ్వుగా తోచినది.

ఇప్పుడు జట్కాలు పోయినవి. ఫోనులో వ్రేలు నొక్కిన ఇంటి ముంగిటికి కారు వచ్చుచున్నది. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున 2009లో ఊబర్ అను కంపెనీ పుట్టినది. మన దేశమున 2010లో ఓలా వచ్చినది. ఊబర్ మన దేశములో మొదట కాలు పెట్టినది బెంగుళూరులోనే, 2013లో. తరువాత 2022లో బెంగుళూరులోనే నమ్మ యాత్రి అను ఏర్పాటు ఆటోలతో మొదలై, ప్రతి బాడుగలోను కమీషను కోయుటకు బదులు రోజుకింత అని తీసికొను పద్ధతి తెచ్చినది. ఈ సేవలలో బేరము లేదు, రచ్చ లేదు. బాడుగను యంత్రము నిర్ణయించును. గిరాకి ఎక్కువైనప్పుడు పెంచును. పెద్దలకు, ఒంటరిగా పోవు ఆడవారికి, రాత్రివేళ దేవనహళ్ళి విమానాశ్రయమునకు పోవువారికి ఇది గొప్ప సౌకర్యము. దానిని నేను తక్కువ చేసి మాటలాడను.

ప్రయాణము ముగిసిన పిదప ఫోనులో ఐదు నక్షత్రములు కనబడును. డ్రైవరు నడవడిని బట్టి ఒకటి మొదలు ఐదు వరకు మనము ఇయ్యవచ్చును. అతడును మనకు ఇయ్యవచ్చును. అయితే ఈ రెండును సమానములు కావు. నాకు నక్షత్రములు తగ్గిన కారు వచ్చుట ఆలస్యమగును, అంతే. అతనికి సరాసరి మరీ తగ్గిన ఫోనులో పని రాదు. కారు మీది అప్పు మాత్రము నెల నెల వచ్చుచుండును.

2023 డిసెంబరులో ఒక సాయంకాలము చిక్కపేటలో సరుకు కొని జయనగరములోని మా చెల్లెలి యింటికి పోవలసి యుంటిని. ప్రొద్దు క్రుంకక మునుపే భోజనము ముగించు నియమము నాకు చాల ఏండ్లుగా కలదు. డిసెంబరులో ఆరు గంటలకే అస్తమయము. నాలుగున్నరకు కారును పిలిచితిని. ఆ సందులలోనికి కారు రాదు గనుక రెండు మూటలు మోసికొని అవెన్యూ రోడ్డు వరకు నడచితిని. కారు వచ్చుటకే ఇరువది నిమిషములు పట్టినది. ఆపైన దారి పొడవున వాహనములు నిలిచిపోయి యుండెను. నా చూపంతయు గడియారము మీదనే.

డ్రైవరు పాతికేండ్ల పడుచువాడు. నేను చెల్లెలితో ఫోనులో మాటలాడుట విని, "మీ మాట మా పక్క మాదిరే ఉంది సార్. మాది బాగేపల్లి పక్క" అనెను. నేను "ఊఁ" అని ఊరకుంటిని. కొంతదూరము పోయిన పిదప ఒక బేకరి ఎదుట వేగము తగ్గించి, "సార్, పొద్దున్నుంచి కడుపులో ఏమీ పడలేదు. రెండే నిమిషాలు. ఒక బన్ను తీసుకొని వచ్చేస్తాను" అనెను.

నాకు కోపము వచ్చినది. "నీ తిండికి నేను బాడుగ ఇస్తా ఉన్నానా? పొద్దు గూకేలోపల నేను ఇల్లు చేరాల. పద" అంటిని.

"సరే సార్" అని అతడు కారు పోనిచ్చెను. ఆ తరువాత ఒక మాట కూడ లేదు. ఇల్లు చేరినప్పుడు నేను అడుగకయే దిగి, రెండు మూటలను ఎత్తి అరుగు మీద పెట్టి, "వస్తాను సార్" అని పోయెను. నేను మెట్లెక్కుచునే ఫోను తీసి ఒక్క నక్షత్రమిచ్చితిని. ఐదు ముప్పావుకు విస్తరి ముందు కూర్చుంటిని. నియమము తప్పలేదు గదా అను తృప్తితో చేయి కడుగుకొంటిని.

ఇది మరచిపోదగిన చిన్న సంగతియే. నేనును మరచితిని. మరుసటి యేడు పర్యూషణములో అందరితో కూర్చుండి ప్రతిక్రమణము చేయుచుండగా ఇది మరల ఎదుట నిలిచినది. గృహస్థుని అహింసాణువ్రతమునకు ఐదు అతిచారములను పెద్దలు చెప్పిరి. బంధము అనగా కట్టివేయుట. వధము అనగా కొట్టుట. ఛేదము అనగా అవయవములను కోయుట. అతిభారారోపణము అనగా మోయలేని బరువు వేయుట. అన్నపాన నిరోధము అనగా మన చేతిక్రింద ఉన్నవానికి వేళకు తిండిని, నీటిని అందకుండ చేయుట. ఇవి ఎద్దులకు, గుఱ్ఱములకు, బానిసలకు సంబంధించినవని తలచి, ఇప్పుడు మన యిండ్లలో ఎద్దులును లేవు, బానిసలును లేరు గనుక, నిశ్చింతగా చదువుకొని పోవుదుము. ఆ నాడు ఐదవ మాట దగ్గర నా నాలుక ఆగిపోయినది.

రాత్రి భోజనము మనమెందుకు మానితిమి? చీకటిలో కంటికి కనబడని సూక్ష్మజీవులకు బాధ కలుగరాదని గదా! ఆ కనబడని జీవుల కొరకు నేను కారును తరుముచున్నప్పుడు, మూడడుగుల దూరములో కూర్చున్న, నా భాషలో నాతో మాటలాడిన, ఆకలిగొన్న జీవుడు నాకు కనబడలేదు. నా భోజన నియమమును కాపాడుకొనుటకు ఇంకొకని భోజనమును ఆపితిని. చిన్న వ్రతమును నిలుపుకొనుటకు మొదటి వ్రతమునే తాకట్టు పెట్టితిని. వర్తకునిగా చెప్పవలెనన్న, ఇది లాభమని వ్రాసికొన్న నష్టపు లెక్క.

ఈ సంగతి చెప్పగా మా బంధువులలో ఒకరు, "అతడు నీ నౌకరు కాడు గదా! ఆగి తినవలసినదే. తినవద్దని నీవు అతని చేయి పట్టుకొంటివా?" అనిరి. మాట న్యాయముగానే కనబడును. అయితే అతడెందుకు ఆగలేదు? నేను ఫిర్యాదు చేయుదునని, నక్షత్రములు తగ్గింతునని. జట్కా గుఱ్ఱమునకు కళ్ళెము కనబడుచుండెను. ఈ కళ్ళెము కనబడదు గాని దాని కొస నా ఫోనులో ఉన్నది. కొట్టకయే, కట్టకయే ఒక మనిషిని ఆకలితో నడిపింపగల అధికారము నాకు వచ్చినది. ఆ అధికారము నా చేతిలో ఉన్నదని నాకు తెలియకపోవుట తప్పును తగ్గింపదు. ప్రమాదమే, అనగా ఏమరుపాటే, హింసకు మూలమని మన శాస్త్రము చెప్పుచున్నది గదా!

ఇంక నక్షత్రము సంగతి. అచౌర్యాణువ్రతమునకు చెప్పిన అతిచారములలో దొంగతూకము, దొంగకొలత ఒకటి. ఇచ్చునప్పుడు తక్కువ, పుచ్చుకొనునప్పుడు ఎక్కువ తూచుట. ఇది వర్తకులమగు మనకు బాగుగ తెలిసిన పాపము. మన అంగడిలోని కాటాను తూనికలు కొలతల శాఖవారు పరీక్షించి ముద్ర వేయుదురు. ముద్ర లేని కాటా పెట్టిన జుల్మానా కట్టవలెను. నక్షత్రములు కూడ ఒక తక్కెడయే. దానితో మనము తూచునది ఒక మనిషి పనిని. ఆ తూకమును బట్టియే అతనికి రేపటి కూలి. ఈ తక్కెడకు ముద్ర వేయువారెవరు? వాహనములు నిలిచిపోయినందుకు అతనికి నక్షత్రము తగ్గించితిమి. మన తలనొప్పికి, కంపెనీవారు పెంచిన బాడుగకు కూడ అతనికే తగ్గించితిమి. అంగడిలో తరాజు మీద బొటనవ్రేలు పెట్టుట ఎట్టిదో ఇదియు అట్టిదే. నాయనగారి కాలము నుండి మా అంగడిలో ఎవరికిని తూకము, కొలత తగ్గలేదని నేను గొప్పగా చెప్పుకొనువాడను. ఆ సాయంకాలము ఐదు ఉండవలసినచోట ఒకటి తూచితిని.

"అయితే డ్రైవర్లందరు దేవతలా?" అని మీరు అడుగవచ్చును. కారు. వచ్చుచున్నానని చెప్పి, పోవలసిన చోటు విని బాడుగను రద్దు చేయువారు కలరు. ఫోనులో చూపిన దానికంటె పై డబ్బు అడుగువారు కలరు. ఒక చేత ఫోను, ఒక చేత కారు నడుపువారు కలరు. వీరికిని ఐదు నక్షత్రములు ఇచ్చుచు పోవుట దయ కాదు. ఎక్కువ తూచుటయు దొంగతూకమే, ఏలనన తరువాత ఎక్కువాడు ఆ తూకమును నమ్మి ఎక్కును. నాకు తోచిన భేదము ఇది: ప్రాణమునకు అపాయము కలిగించు నడవడిని, మోసమును తప్పక తెలుపవలెను. అది ఇతర జీవుల యెడ మన బాధ్యత. మన సుఖమునకు, తొందరకు, అభిమానమునకు తగిలిన చిన్న దెబ్బలను మాత్రము అక్కడనే దిగవిడచి పోవలెను. మొదటిది సత్యము, రెండవది క్షమ. ఆ సాయంకాలము నేను రెండింటిని కలిపివేసి, రెండింటికిని తప్పితిని.

మొదటి ప్రశ్నకు మరల వత్తము. నక్షత్రముల భయముచే వచ్చు మర్యాద నిజమైన మర్యాద యగునా? ఊబర్ వారు 2019లో అమెరికాలో ఖరీదైన కార్లకు ఒక సౌకర్యము తెచ్చిరి. ప్రయాణికుడు ముందుగనే ఫోనులో నొక్కి, డ్రైవరు మాటలాడకుండ ఊరకుండవలెనని కోరుకొనవచ్చును. అలసినవానికి నిశ్శబ్దము కావలసి యుండుట తప్పు కాదు. అయితే "నాయనా, తల నొచ్చుచున్నది, కొంచెము కండ్లు మూసికొందును" అని నోటితో అన్నచో అది మనిషితో మనిషి మాట. మీట నొక్కి నోరు మూయించుట సరుకు కొనుట. మౌనమును కొనవచ్చును, నవ్వును కొనవచ్చును, తలుపు తీయుటను కొనవచ్చును. నాకు ఒకటి మాత్రము ఎంత ఆలోచించినను ధర కట్టుటకు చేతకాలేదు. నేను తిట్టిన తరువాత కూడ అతడు ఆ రెండు మూటలను అరుగు మీద పెట్టెనే, అదెందుకు? నక్షత్రము కొరకందునా, అది పోయినదని నా ముఖము చూచియే అతనికి తెలిసియుండును. బాడుగలో మూటలెత్తు కూలి లేదు. వయసు మళ్ళినవాడు బరువు మోయరాదను వాడుక అతని యింట పెద్దలు నేర్పియుందురు. అది నన్ను చూచి చేసినది కాదు, తన స్వభావమును బట్టి చేసినది.

అందుచేత నాకు తెలిసినదేమనగా, మర్యాద బేరముతో మొదలైనను తప్పు లేదు. మనము అంగడిలో ఇచ్చు మంచినీళ్ళు మొదట గిరాకి కొరకే కావచ్చును. ఇచ్చి ఇచ్చి చేతికి అలవాటగును. అలవాటు స్వభావమైనదా లేదా అనుటకు పరీక్ష ఒక్కటే: లాభము లేనిచోట, ఎదుటివాడు మనకేమియు చేయలేనిచోట, మనము ఎట్లుందుము? అంగడి గద్దె మీద నేను మర్యాదస్థుడనే. వెనుక సీటులో, డబ్బిచ్చువాడనైనప్పుడు, పరీక్షలో తప్పితిని. ముప్పది యేండ్ల మర్యాదలో ఎంత భాగము వర్తకమో ఆ నాడు తేలినది.

ప్రభుత్వములును ఈ విషయమును చూచుచున్నవి. బ్రిటనులో సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 19న, ఊబర్ డ్రైవర్లు స్వతంత్ర వ్యాపారులు కారు, కంపెనీ అదుపులో పని చేయువారే అని తీర్పు చెప్పి, కనీస వేతనమునకు, సెలవు జీతమునకు వారికి హక్కు కలదనినది. ప్రయాణికులిచ్చు మార్కులతో కంపెనీ వారిని అదుపు చేయుచున్నదని కూడ ఆ తీర్పులో ఎత్తి చూపిరి. మన దేశమున ఇట్టి పనులు చేయువారు 2020-21లో 77 లక్షలని, 2029-30 నాటికి 2.35 కోట్లు కావచ్చునని నీతి ఆయోగ్ 2022లో అంచనా కట్టినది. రాజస్థాను 2023లో వీరి కొరకు చట్టము చేసినది. మన కర్ణాటకము 2025లో చేసినది. దాని ప్రకారము కంపెనీలు ప్రతి చెల్లింపుపై నూటికి ఒకటి మొదలు ఐదు వరకు సంక్షేమ రుసుము కట్టవలెను. వ్రాతపూర్వకముగా కారణము చెప్పక, 14 దినముల ముందు నోటీసు ఇయ్యక ఎవరిని పనినుండి తీసివేయరాదు. యంత్రము ఏ లెక్కతో నిర్ణయములు చేయుచున్నదో పనివారికి తెలుపవలెను. ఇవి మంచి చట్టములు. అయితే ఆకలిగొన్నవాడు రెండు నిమిషములు అడిగినప్పుడు "తినిరా నాయనా" అని చెప్పించు చట్టము ఏ సభలోను చేయుటకు వీలు లేదు. అది గృహస్థుని వ్రతమునకే వదలియున్నది.

సంవత్సరి నాడు మనము అందరికి మిచ్ఛామి దుక్కడం చెప్పుకొందుము. దిగంబర సోదరులు క్షమావాణి నాడు చెప్పుకొందురు. ఆ యేడు నేను బంధువులకు, మిత్రులకు చెప్పితిని. బాకీ విషయమున మాట పెరిగిన ఇద్దరు వర్తకుల యింటికి పోయి చెప్పితిని. ఆ పడుచువానికి చెప్పవలెనని ఫోను తీసితిని. పాత ప్రయాణముల పట్టికలో తేదీ ఉన్నది, బాడుగ ఉన్నది, పోయిన దారి గీత ఉన్నది. పేరులో మొదటి మాట ఒక్కటి ఉన్నది. అతడు మాటలాడిన నెంబరు కంపెనీ నడుమ నిలిచి కలిపినదే గాని అతని సొంత నెంబరు కాదు. బాగేపల్లి ప్రక్క ఊర్లెన్ని! ఒక్క నక్షత్రము అతనికి ఒక్క క్షణములో చేరినది. క్షమాపణ చేరుటకు దారి లేదు. దెబ్బకు చిరునామా అక్కరలేదు, క్షమాపణకు కావలెనని ఆ నాడు తెలిసికొంటిని.

సర్వజీవులను క్షమాపణ వేడుదుము గదా, అందులో అతడును చేరినాడని ఒకరు నన్ను ఓదార్చిరి. చేరియుండవచ్చును. కాని సర్వజీవులను వేడుట సులువు. వారిలో ఎవ్వరును మన ముఖము చూచి బదులు చెప్పరు. కావున ఆ బాకీని తరువాత వచ్చువారికి తీర్చుట తప్ప నాకు వేరు మార్గము తోచలేదు. ఇప్పుడు నేను కొన్ని చిన్న పద్ధతులను పెట్టుకొంటిని. కారెక్కగానే పేరు పెట్టి పలుకరింతును. "భోజనమైనదా?" అని అడుగుదును, కాకున్న ఆగుమందును. ప్రొద్దు క్రుంకక ముందు చేరవలసిన నాడు ఒక గంట ముందుగ బయలుదేరుదును. నా వ్రతమునకు కావలసిన కాలము నాదిగా ఉండవలెను గాని ఇంకొకని కడుపులోనుండి తీయరాదు. మూటలున్నచో ముందుగ చెప్పి, ఎత్తినందుకు వేరుగ కూలి ఇత్తును. కోపముతో ఉన్నప్పుడు నక్షత్రములు ఇయ్యను; మరునాడు ఉదయము సామాయికమైన తరువాత ఇత్తును. తెల్లవారిన పిదప ఒక్క నక్షత్రము ఇయ్యవలసిన అవసరము నాకు ఇంతవరకు రాలేదు.

మన పిల్లలు బెంగుళూరులో, హైదరాబాదులో చదువులకు, ఉద్యోగములకు పోయి దినమునకు రెండుసార్లు ఈ కార్లు ఎక్కుచున్నారు. వారికి మనము ఉల్లి, వెల్లుల్లి మానుట నేర్పితిమి, నీరు వడపోసి త్రాగుట నేర్పితిమి. చేతిలోని ఆ తక్కెడను ఎట్లు పట్టుకొనవలెనో కూడ నేర్పుదము. మా నాయనగారు నాకు మాటతో నేర్పలేదు. ఎత్తు వచ్చినచోట బండి దిగి నడచిరి. అది అర్థమగుటకు నాకు ఏబది యేండ్లు పట్టినది.

ఇందు తప్పులున్న పెద్దలు మన్నింపగోరుచున్నాను. బాగేపల్లి ప్రక్క నుండి వచ్చి బెంగుళూరులో కారు నడుపు ఆ తమ్ముడు ఈ సంచికను చదువడు. చదివినవారిలో ఎవరైన ఆ దారిన అతని కారెక్కుట తటస్థించినచో, ఒక బేకరి దగ్గర రెండు నిమిషములు ఆగనియ్యుడు.

జై జినేంద్ర.